కేకుకు శాంక్షన్

రిటైరైన బ్యాంకు ఉద్యోగికి వంటింట్లో దొరికే కొలువులు బహు తక్కువ. చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం, కొబ్బరికాయ కొట్టడం, పై అరలోని సీసా అందించడం. అంతకు మించి ఏది ముట్టుకున్నా మా ఆవిడ “మీరు జరగండి” అంటుంది. సర్వీసంతా ఊళ్లోవాళ్ల డబ్బు పైసాతో సహా లెక్క చూసినవాణ్ణి. ఉప్పు ఎంత వెయ్యాలంటే “సరిపడా” అనే శాఖలో ఇమడలేకపోయాను. అక్కడ కొలతలన్నీ ఇలాగే ఉంటాయి: సరిపడా, కాస్త, చిటికెడు, చూసుకుని. చూసుకుని అంటే ఏం చూసుకోవాలో ఇప్పటివరకూ నాకెవరూ చెప్పలేదు.

కేకు అలా కాదు. దానికి గ్రాముల లెక్క కావాలి. పులుసు మరుగుతుంటే రుచి చూసి ఇంకాస్త చింతపండు పిండుకోవచ్చు. ఓవెన్ తలుపు వేశాక కేకులో పిండుకోవడానికేమీ ఉండదు. ఎంట్రీ ముందే సరిగ్గా పడాలి. బ్యాంకు మనిషికి ఇంతకన్నా తగిన వంట లేదు. మా అబ్బాయి అటక మీద పడేసిన ఓటీజీని దింపించి, గ్రాము తేడా చూపించే కాటా ఒకటి కొని, కౌంటరు తెరిచాను.

ఇంగ్లండువాళ్లు 18వ శతాబ్దం నుంచీ చేసుకుంటున్న పౌండు కేకుతో బోణీ చేద్దామనుకున్నాను. దానికి వంటల పుస్తకం అక్కర్లేదు. పిండి ఒక పౌండు, వెన్న ఒక పౌండు, చక్కెర ఒక పౌండు, గుడ్లు ఒక పౌండు. పౌండంటే 454 గ్రాములు. నలుగురు భాగస్వాములు, సమాన వాటాలు, బ్యాలెన్స్ షీటు దానంతటదే టాలీ అవుతుంది. ఇంత అందమైన లెక్క నేను సర్వీసులో చూడలేదు. కాగితం మీద రాసి భోజనాల బల్ల మీద పెట్టి, ఇంట్లోవాళ్ల నో అబ్జెక్షన్ కోరాను.

ముందు అమ్మ గుడ్లు కొట్టేసింది. “ఒరేయ్ నాన్నా, నేను పోయాక వండుకోండిరా” అంది. ఈ మాట నా చిన్నప్పటి నుంచీ అంటోంది. ఒక్కసారి కూడా పనిచెయ్యకుండా పోలేదు.

మా ఆవిడ మైదా కొట్టేసింది. మైదా పేగులకు అతుక్కుపోతుందని వాట్సాప్‌లో వచ్చిందట. అతుక్కోదే, గోధుమగింజ నుంచి తవుడూ మొలకా తీసేయగా మిగిలిన తెల్లపిండే మైదా, పీచు పోతుందంతే అని చెప్పబోయాను. “పీచు పోతుందని మీరే ఒప్పుకుంటున్నారుగా” అంది. కేసు అక్కడితో మూసేశారు.

చక్కెర సంగతి డాక్టరుగారు చూసుకున్నారు. మూడు నెలల సగటు బయటపెట్టే ఆ రక్తపరీక్షలో నాకు సరిహద్దు మార్కులు వచ్చాయి. ఇక మిగిలింది వెన్న. మా కోడలు ఎదురుచెప్పే పిల్ల కాదు. “మావయ్యగారూ, 454 గ్రాముల వెన్నా?” అని ఎంతో మర్యాదగా అడిగింది. ఆ మర్యాదకు తట్టుకోలేక నేనే కొట్టేశాను.

నలుగురు భాగస్వాములూ పోగా సంస్థలో మిగిలింది కేకు టిన్ను. దాన్ని కూడా మా ఆవిడ తిప్పి చూసి, “ఇది అల్యూమినియందా?” అంది.

ఆ విధంగా మా ఇంట్లో ఆరోగ్యకరమైన కేకు పుట్టింది. మైదా స్థానంలో గోధుమపిండి, చక్కెర స్థానంలో బెల్లం, వెన్న స్థానంలో నూనె, గుడ్డు స్థానంలో పెరుగు. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. ఒకరి సీట్లో ఒకరిని కూర్చోబెట్టినంత మాత్రాన పని నడవదని బ్యాంకులో అందరికీ తెలుసు. వంటింట్లో ఎవరికీ తెలియదు.

గోధుమపిండి సంగతే తీసుకోండి. మరలో ఆడించిన పిండి మైదా కన్నా ఎక్కువ నీళ్లు తాగుతుంది. పైగా అందులోని తవుడు అంచులు గ్లూటెన్ పోగుల్ని కోసేస్తుంటాయి. ఆ పోగులు పట్టి ఉంచితేనే కేకులో గాలిబుడగలు నిలిచేది. అందుకని పొంగు తక్కువ, బరువు ఎక్కువ. మైదా కొలతలో అచ్చంగా గోధుమపిండి దించి చేసిన కేకు కొరికి, చాలాసేపు నమిలి, మా మనవడు తీర్పు చెప్పాడు: “తాతా, ఇది కేకు కాదు. కేకు వాళ్ల తాతయ్య.”

దీనికి విరుగుడు ఉంది. పాలో పెరుగో ఇంకాస్త పోసి, కలిపిన పిండిని పావుగంట కదపకుండా వదిలేస్తే తవుడు నాని మెత్తబడుతుంది. సోడా మాత్రం ఆ పావుగంట అయ్యాకే వెయ్యాలి, లేకపోతే గ్యాసంతా గిన్నెలోనే ఖర్చైపోతుంది. ఆ తరవాత వీలైనంత తక్కువ కలపాలి. ఇక్కడే మా ఆవిడకూ నాకూ పేచీ. ఏళ్ల తరబడి చపాతీపిండి మర్దించిన చెయ్యి గోధుమపిండి కనిపిస్తే ఊరుకోదు. ఎంత కలిపితే గ్లూటెన్ అంత బిగుస్తుంది. చపాతీకి కావలసింది అదే, కేకుకు చేటూ అదే. “ఉండలున్నాయండీ” అంటుంది ఆవిడ. “ఉండనీ” అంటాను నేను. పెళ్లయిన ఇన్నేళ్లలో వంటింట్లో ఆవిణ్ణి తక్కువ పని చెయ్యమన్నది అప్పుడే. నమ్మలేదు.

గుడ్డును కొట్టేయడం తేలిక, దాని పని ఇంకొకరి చేత చేయించడం కష్టం. అది గాలిని పట్టి ఉంచుతుంది, నూనెనూ నీటినీ కలిపి ఉంచుతుంది, వేడికి గట్టిపడి కేకు కూలిపోకుండా నిలబెడుతుంది. మూడు సీట్ల పని ఒక్క గుమస్తా చేస్తున్నాడన్నమాట. ఆ గుమస్తాను తీసేస్తే వేరే ఏర్పాట్లు చేసుకోవాలి. పొంగించడానికి పెరుగులోని పులుపూ తినే సోడా కలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడు. పట్టి ఉంచడానికి అవిసెగింజల పొడి: ఒక చెంచా పొడిని మూడు చెంచాల నీళ్లలో నానబెడితే జిగురు తేలుతుంది, ఒక గుడ్డుకు అది బదులు. లేదా బాగా పండిన అరటిపండు.

అరటిపండ్లకు మా ఇంట్లో లోటు లేదు. మా వియ్యంకుడుగారిది కోనసీమ. అభిమానం పొంగినప్పుడల్లా గెల పంపిస్తారు. గెలలో ఒక పండు పండితే చాలు, అది వదిలే ఇథిలీన్ వాయువు పక్కవాళ్లనూ తొందరపెడుతుంది. సోమవారం దాకా పచ్చిగా బిగదీసుకుని ఉన్న కాయలన్నీ మంగళవారం మూకుమ్మడిగా పండి కూర్చుంటాయి. బుధవారానికి ఇరుగుపొరుగు మమ్మల్ని చూసి తలుపులు వేసుకుంటారు. అమెరికాలోనూ 1930ల్లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, మగ్గిపోయిన పండు పారేయలేక ఇంటింటా అరటిపండు బ్రెడ్డు చేసుకునేవారట. మా మాంద్యం వేరు, వియ్యంకుడి గెలను పారేశారన్న మాట బయటికి పొక్కకూడదు. మొత్తానికి చేరేది ఆ టిన్నులోకే.

అన్నట్టు, గుడ్డు పడనివాళ్ల చరిత్రలో ఒక మహానుభావుడున్నాడు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి. ఆయన భార్యకు గుడ్డూ పడదు, ఈస్టూ పడదు. గుడ్డు లేకుండా కస్టర్డు పొడి తయారుచేశాడు. తరవాత 1843లో, ఈస్టు లేకుండా పిండి పొంగడానికి బేకింగ్ పౌడరు కనిపెట్టాడు. ఇవాళ ప్రపంచంలో ఇన్ని కేకులు పొంగుతున్నాయంటే భార్య కోసం అవస్థపడిన ఒక భర్తే కారణం. ఈ కథ మా ఆవిడకు చెప్పి నా వంక చూడమన్నాను. చూసింది. “ఆయన గిన్నెలు కూడా తోమి ఉంటాడు” అంది.

వెన్న విషయంలో మా కోడలికి నేను ఋణపడి ఉన్నాను. వంటల పుస్తకాలన్నీ వెన్నను గది ఉష్ణోగ్రతకు తీసుకురమ్మంటాయి. ఆ గది వాళ్లది. ఇరవై డిగ్రీలుండే చలిదేశపు గది. రాజమండ్రిలో మే నెలలో గది ఉష్ణోగ్రతకు తెచ్చిన వెన్నను గరిటెతో కాదు, గుడ్డతో తీయాలి. ముప్ఫై రెండు దాటితే కరగడం మొదలెట్టే పదార్థాన్ని నలభై అయిదు డిగ్రీల ఊళ్లో చక్కెరతో గిలక్కొట్టి నురగ తెప్పించాలనుకోవడం దురాశ. నూనెకు ఆ బాధ లేదు. పైగా వెన్నలో ఐదో వంతు నీళ్లూ వగైరా ఉంటాయి కాబట్టి, వంద గ్రాముల వెన్నకు ఎనభై గ్రాముల నూనె చాలు. నూనె కేకు ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడదు.

అయితే ఏ నూనె? కోడలు గానుగ నూనె అంది. మంచిదే. ఇంటి దగ్గర గానుగలో ఎదురుగా ఆడించిన నువ్వులనూనె తెచ్చింది. కేకు ఓవెన్‌లో పొంగుతున్నంతసేపూ వీధి చివరిదాకా ఆవకాయ వాసన. ఎదురింటావిడ జాడీ పట్టుకుని వచ్చి, “అప్పుడే కలిపేస్తున్నారా, మాకు కాయలింకా రాలేదండీ” అంది. కేకు బాగానే వచ్చింది, కాని తింటున్నవాళ్లందరికీ పక్కన వేడన్నం లేని వెలితి. ఆ తరవాత వాసన లేని పొద్దుతిరుగుడు నూనెకు మారాం.

బెల్లం దగ్గర మాత్రం అమ్మే మేనేజరు. ఎక్కడ దొరికిన బెల్లమైనా ముందు అనకాపల్లిదేనా అని అడుగుతుంది, కాదంటే పెదవి విరుస్తుంది, అవునంటే నమ్మదు. తురిమిన బెల్లాన్ని కాసిని వేడినీళ్లలో కరిగించి వడగడితే అడుగున మిగిలే ఇసుకా చెరుకుపీచూ చూపించి, “ఇదీ మీ ఆరోగ్యం” అంటుంది. ఆ నీళ్లు చల్లారకుండా పాలల్లో పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. “పరమాన్నంలో బెల్లం దించాకే వేస్తాంరా, వేడి మీద వేస్తే పాలు విరిగిపోవూ?” నేను కాటాలూ థర్మామీటర్లూ పెట్టుకుని తెలుసుకోవలసింది ఆవిడ పరమాన్నం గిన్నెలో ఎప్పుడో తేల్చేసుకుంది. ఓటీజీని మొదటిసారి చూసినప్పుడూ అంతే. కిందో కడ్డీ, పైనో కడ్డీ ఎర్రగా కాలుతుంటే కళ్లజోడు సవరించుకుని చూసింది. “మా అమ్మ దిబ్బరొట్టె ఇలాగే కాల్చేది. కింద కుంపటి, మూత మీద నిప్పులు. దీనికి కరెంటు కూడానా?” అంది. ప్రీహీట్ అని నేను పది నిమిషాలు ముందే ఓవెన్ వెలిగిస్తే, “ఈ ఎండల్లో అదొకటి మళ్లీ వేడెక్కాలా” అని మా ఆవిడ మీటరు వంక చూస్తుంది.

ఇక రాగులు. మా కోడలు రాగుల పక్షపాతి. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థవాళ్లు 2017లో అచ్చేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో దాదాపు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. మా మనవడు రాగిజావ గ్లాసును చూస్తే మంచం కిందికి పోతాడు. కాబట్టి కేకులో పెడదామంది. రాగిలో గ్లూటెన్ ఉండదు, ఒంటరిగా వేస్తే కేకు ముక్కలు ముక్కలై రాలిపోతుంది. సగం గోధుమ, సగం రాగి అని ఒప్పందానికి వచ్చాం. అమ్మ విని, “చోడిపిండితో కేకా? మా కాలంలో పాలేళ్లు అంబలి తాగేవాళ్లు, ఇప్పుడు ఇంజినీర్లు కేకు చేసుకుంటున్నారు” అంది.

రాగి కేకు అని చెప్పి పెడితే మా ఇంట్లో ఎవరికీ ఆకలి వెయ్యలేదు. అదే కేకులో పాతిక గ్రాముల కోకో పొడి వేసి చాక్లెట్ కేకు అన్నాం. టిన్ను నాకేశారు. రాగిపిండి రంగూ కోకో రంగూ కలిసిపోవడం ప్రకృతి మనవంటి తాతలకు చేసిన సాయం. కోకో అంటే ఎక్కడి నుంచో వచ్చిందనుకోకండి. దేశంలో కోకో పంటకు ఆంధ్రప్రదేశ్‌దే ముందు వరస. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ చెట్ల నీడన పండుతోంది. బిరియానీకి తప్ప దేనికీ ఊరు దాటని మా వాకింగ్ మిత్రుడొకడు ఈ మాట విని, “అయితే లోకల్ సరుకే, ఇంకో ముక్క తీసుకోవచ్చు” అన్నాడు.

ఆ ఇంకో ముక్కతోనే నాకు చిక్కొచ్చి పడింది. గోదావరి గట్టు మీద పొద్దున్నే నడిచే మా బృందంలో సగం మందికి షుగరు. కేకు డబ్బా తీసుకువెళ్లిన రోజు నడక బెంచీ దగ్గరే ఆగిపోయింది. “చక్కెర లేదు, బెల్లం” అన్నాను. “మైదా లేదు, గోధుమ, రాగి” అన్నాను. అంతే, ఇళ్లల్లో అరముక్క బిస్కెట్టుకు భార్యల అనుమతి కావలసినవాళ్లు తలా మూడేసి ముక్కలు లాగించారు. వడ్డీ రేటు పావలా తగ్గించామని బోర్డు పెడితే అప్పు రెట్టింపు తీసుకుపోయే ఖాతాదారులే గుర్తొచ్చారు నాకు.

పాత అలవాటు పోదు కదా, ఇంటికొచ్చి కాగితం తీశాను. చక్కెరకు 100 గ్రాములకు దాదాపు 400 క్యాలరీలు, బెల్లానికి 380 చిల్లర. కాస్త ఇనుమూ ఖనిజాలూ ఉంటే ఉంటాయి, మిగతాది చాలావరకు చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం పైనుంచి కలుపుకునే తీపి రోజుకు 25 గ్రాముల లోపుంటే మేలు. తేనె పోసుకున్నా ఆ లెక్కలోకే వస్తుంది. మా కేకులో బెల్లం 150 గ్రాములు, ముక్కలు పది. అంటే ముక్కకు 15. రెండో ముక్కకే 30, పరిమితి దాటేశాం. మూడు తిన్నవాళ్లకు 45. వాళ్ల భార్యలకు ఈ లెక్క పంపలేదు, అది ఖాతాదారుల రహస్యం.

కాల్షియం లెక్క ఇంకా అన్యాయం. కేకులో రాగిపిండి 100 గ్రాములు, ముక్కకు 10, అంటే 36 మిల్లీగ్రాముల కాల్షియం. పక్కనే ఉన్న గ్లాసుడు పాలలో దాదాపు 240. ఈ ముక్క తింటే ఎముకలు గట్టిపడతాయని మనవడికి చెప్పడం మానేశాను. కోడలికి కాగితం చూపించాను. చూసి, “అయితే ముక్కతో పాటు పాలు కూడా ఇద్దాం మావయ్యగారూ” అంది. ఆ పిల్లతో ఎవరూ గెలవలేరు.

అయినా బజారు కేకు కన్నా ఇదే నయమని నా అభిప్రాయం, కారణం మాత్రం వేరు. బేకరీలో ఆ మెరిసే క్రీమంతా ఏ కొవ్వుతో చేశారో మనకు తెలియదు. నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ నూటికి 2 పాళ్లకు మించకూడదని 2022 జనవరి నుంచి ప్రభుత్వ నిబంధన ఉంది, సంతోషం. కాని ఎంత తీపి వేశారో డబ్బా మీద రాయరు. మా ఇంటి కేకులో చక్కెర తగ్గించిన ఘనత బెల్లానిది కాదు, పౌండు కేకులో నాలుగో వంతున్న తీపిని అంతకంతకూ దించిన నా కాటాది. అలా నెమ్మదిగా దించుతూ పోతే నాలుక గుర్తుపట్టదు. ఒక్కసారి సగానికి కొడితే ఇంట్లో సమ్మె జరుగుతుంది.

మనవడి పుట్టినరోజు వచ్చింది. వాడికి తాత కేకు ఇష్టమే, కాని స్నేహితుల ముందు పైన ఏమీ లేని గోధుమరంగు దిమ్మ మీద కొవ్వొత్తులు ఊదడం ఇష్టం లేదు. న్యాయమే. మొహాలకు పూసుకోవడానికి క్రీము కావాలి కదా, రాగి కేకు పూస్తే అంటుకోదు. ఆఖరికి బజారు నుంచి అరకిలో పైనాపిల్ కూల్ కేకు తెప్పించారు. మీద వాడి పేరులో ఒక అక్షరం తక్కువ. అది కోశారు, ఫొటోలు తీశారు, మొహాలకు పూశారు, కిందపడ్డది తుడిచారు. తినడానికి నా కేకు పంచారు. అమ్మ ప్లేటు పట్టుకుని, “ఆ పూసుకునేది గుడ్డు లేనిదేనా?” అని కనుక్కుని మరీ మొహం తిప్పుకుంది.

కొలతలు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. గోధుమపిండి 100 గ్రాములు, రాగిపిండి 100, తీపి లేని కోకో పొడి 25, చిటికెడు ఉప్పు కలిపి జల్లించండి. బెల్లం 150 గ్రాములు, పావుకప్పు నీళ్లలో కరిగించి, వడగట్టి, పూర్తిగా చల్లార్చండి. పుల్లటి పెరుగు 200 గ్రాములు, మెదిపిన అరటిపండ్లు రెండు, నూనె 80 గ్రాములు అందులో వేసి, పిండి కలిపి పావుగంట ఆగండి. గట్టిగా ఉంటే కాసిని పాలు. చివర్లో ఒక చెంచా బేకింగ్ పౌడరు, అరచెంచా సోడా వేసి, ఉండలున్నా చూడనట్టు వదిలేయండి. 180 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. పూర్తిగా చల్లారాక పది ముక్కలు కోయండి, ఐదు కాదు.

మీ ఇంట్లో గుడ్డుకు అభ్యంతరం లేకపోతే రెండు గుడ్లు వేసి పెరుగు సగానికి తగ్గించండి, ఇంకా బాగా పొంగుతుంది. ఈ ఆఖరి మాట మాత్రం, మా ఇంటికి వచ్చినప్పుడు, అమ్మ దగ్గర అనకండి.